టిఫిన్ల ఆవిడని పంపేసిన రోజు

“ఏ టైములో చూశారమ్మా?”

కమిటీ పెద్ద అంత మెత్తగా అడిగేసరికి నేను టీ పళ్ళెం బల్ల మీద పెట్టేశాను. నేనన్న మాటకి నాకు మొదట భయం వేసింది అప్పుడే. ఆయన గొంతు పెంచలేదు, కళ్ళు పెద్దవి చెయ్యలేదు. తాగుతున్న గ్లాసు బెంచీ మీద పెట్టి, నా వైపు పూర్తిగా తిరిగి, చిన్నపిల్లని అడిగినట్టు అడిగారు.

“అయిదు అయివుంటుందండీ,” అన్నాను.

ఆయన పక్కన నిలబడ్డ ఇద్దరి వైపు చూశారు. వాళ్ళలో ఒకాయన తల ఊపాడు. ఏదో కొలత సరిపోయినట్టు ఊపాడు.

అంతకు రెండు నిమిషాల ముందు నేను అన్న మాట ఇది: “తెల్లారగట్ల టిఫిన్ల ఆవిడ చెరువు రేవులో కనిపించిందండీ. గిన్నెతో ఏదో పారబోస్తోంది.”

అందులో అబద్ధం లేదు. పాలవాడు వస్తున్నాడేమో చూడ్డానికి డాబా మీదికి వెళ్ళినప్పుడు నిజంగానే చూశాను. రోజూ చూసేదే. ఆ రోజు పనిగట్టుకుని ఎందుకు చెప్పానో కూడా ఇక్కడే రాసేస్తాను. తర్వాత రాద్దామనుకుంటే ఏదో ఒక సాకు దొరుకుతుంది. ఆ తెల్లవారుజామున ఊరుమ్మడి చెరువులో చేప చచ్చి తేలిపోయింది. మాది చేపల మేత, మందులు, కాస్త చిల్లర సరుకు అమ్మే కొట్టు. ముందురోజు కమిటీవాళ్ళు చేపలకి పట్టిన పేను వదలడానికి మందు తీసుకెళ్ళింది మా కొట్లోనే. పొద్దున్న తొమ్మిదిన్నరకి ముగ్గురూ వచ్చి, టీ ఇమ్మని, మా ఆయనతో తాపీగా అన్నారు: “మందు డోసేమన్నా తేడా కొట్టిందంటారా షావుకారుగారూ? తేడా అంటే తేడా అని కాదండీ, ఊరికే అడుగుతున్నాం.”

మా ఆయన మొహంలో రక్తం లేదు. “డోసు సరిగ్గానే ఇచ్చానండీ, సీసా మీద చూడండి,” అంటున్నారు, చేతులు మాత్రం సీసా వెతకడం లేదు. ఆ చేతులు చూసి నేను మాట్లాడాను. మా గుమ్మం వైపు వస్తున్నదాన్ని ఇంకో గుమ్మం వైపు తిప్పాను.

మేముండేచోటు ఊరు కూడా కాదు, సెంటర్ అంటారు. కొల్లేరు అంచున గట్టు మీద రోడ్డు, రోడ్డుకి రెండు వైపులా ఐసు ఫ్యాక్టరీ, ప్యాకింగ్ షెడ్లు, డీజిలు బంకు, వరసగా కొట్లు. ఒకప్పుడు ఇక్కడ కిక్కిస గడ్డీ గుర్రపుడెక్కా తప్ప ఏమీ లేవని మా మామగారు చెప్పేవారు. చెరువులు తవ్వినకొద్దీ మనుషులు చేరారు. ఉండి వైపు నుంచి కొందరు, పెదపాడు నుంచి కొందరు, ఎక్కడివాళ్ళో తెలియనివాళ్ళు ఎందరో. ఎవరి వెనక ఏముందో ఎవరూ అడగరు, లారీ టైముకి ఐసు కొట్టగలిగితే చాలు. పోలీస్ స్టేషన్ మండలంలో ఉంది. ఇక్కడ జరిగేవన్నీ కమిటీ చూసుకుంటుంది. వీధిలైట్లు, గుడి, మంచినీళ్ళ ట్యాంకు, ఉమ్మడి చెరువు, మొగుడూపెళ్ళాల తగువులు, అన్నీ.

కమిటీ ఒక మాట అనుకుంటే దాన్ని కట్టుబాటు అంటారు. కాగితం మీద రాయరు. గుడి మైకులో చెబుతారు, అంతే. ఫలానా ఇంటితో ఎవరూ మాట్లాడకూడదు, కొట్లో సరుకు ఇవ్వకూడదు, పంపు దగ్గర బిందె పెట్టనివ్వకూడదు. తప్పినవాళ్ళకీ అదే కట్టుబాటు. నా పెళ్ళయిన ఏడాది ఒక ఇంటికి అలా చేశారు. పదిహేను రోజులు కూడా నిలవలేకపోయారు. వాళ్ళు వెళ్ళిపోతున్నప్పుడు సామాను ఎత్తడానికి సాయం పట్టింది కమిటీవాళ్ళే. తాడేపల్లిగూడెంలో నలుగురి మధ్య, బజారు మధ్య పెరిగినదాన్ని. అప్పుడు అది చూసి ఇక్కడివాళ్ళు ఎంత మర్యాదస్తులో అనుకున్నాను.

టిఫిన్ల ఆవిడ వచ్చి నాలుగేళ్ళయింది. ప్యాకింగ్ షెడ్డు పక్కన రేకుల పందిరి, రెండు బల్లలు, ఒక కూతురు. మొగుడు ఉన్నాడో లేడో ఎవరికీ చెప్పలేదు. ఒక లారీ డ్రైవరు వచ్చినప్పుడల్లా అక్కడే ఆగుతాడని అందరికీ తెలుసు. ఆడవాళ్ళం ఎదురుపడితే తలతిప్పుకునేవాళ్ళం. మగవాళ్ళు పొద్దున్నే ఆవిడ ఇడ్లీలు తిని, పదింటికి మా బెంచీ మీద కూర్చుని ఆవిడ మీద జోకులు వేసేవాళ్ళు. ఆవిడకి నోరు ఎక్కువ. “చట్నీలో నీళ్ళెక్కువయ్యాయి” అంటే, “మీ చెరువులో కన్నా తక్కువేనండీ, తినండి” అనేది. కమిటీ పెద్దనీ వదిలిపెట్టేది కాదు. ఉమ్మడి చెరువులో గాలి కోసం పెట్టిన ఏరియేటర్లు రెండూ ఆయన తన సొంత చెరువుకి తోలించుకున్న వారం, అందరి ముందూ అడిగిందట: “ఉమ్మడి చేపలు ఊపిరి బిగబట్టుకుని బతకాలాండీ, పెద్దాయనగారూ?” అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారని మా ఆయన చెప్పారు.

ఆవిడ కూతురు మూడో తరగతి, మా పాపతో సమానం. వేరే బడి. సాయంత్రాలు మా కొట్టు మెట్ల మీద ఇద్దరూ అష్టాచెమ్మా ఆడుకునేవారు. నేను కాదనేదాన్ని కాదు, రమ్మని కూడా అనేదాన్ని కాదు.

కమిటీవాళ్ళు వెళ్ళాక వంట మొదలుపెట్టాను కానీ, పొయ్యి మీద ఏముందో కూడా తెలియలేదు. పదకొండింటికి గ్యాసు కట్టేసి చెరువుకి వెళ్ళాను. మూడు రోజులుగా మబ్బు. గాలి లేదు. నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా, పైన నురగ కట్టి ఉన్నాయి. గట్టు పొడవునా కోళ్ళ ఎరువు బస్తాలు, చింపి ఖాళీ చేసినవి, పడున్నాయి. తేలినవన్నీ పెద్ద బొచ్చెలు, శీలావతులు. అన్నిటికీ నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి. చిన్న పరకలు మాత్రం రేవు మెట్ల దగ్గర ఇంకా తిరుగుతున్నాయి. నత్తలు నీళ్ళు వదిలేసి మెట్ల మీదికి పాకాయి. కప్ప ఒకటి నన్ను చూసి నీళ్ళలోకి దూకింది.

నేను బీఎస్సీ జువాలజీ. మార్కులు కూడా బాగానే వచ్చాయి. విషం కలిపితే చిన్నదాన్నీ పెద్దదాన్నీ ఒక్కలా చంపుతుంది, కప్పని వదలదు. గాలి చాలకపోతే ముందు పెద్ద చేప పోతుంది, అదీ తెల్లవారేముందే. ఎరువు ఎక్కువై, మబ్బు పట్టి, ఏరియేటర్లు లేక చచ్చిపోయాయి. అది తేల్చుకోవడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన బీరువా తలుపు వేస్తూ, “నాకు తెలీదా?” అన్నారు. “మొన్ననే చెప్పాను పెద్దాయనతో. మబ్బుగా ఉంది, ఎరువు ఆపండి, ఆ మిషన్లు వెనక్కి పెట్టించండి అని.”

“మరి పొద్దున్న ఎందుకనలేదు?”

“ఏమనమంటావు? తప్పు మీదేనండీ అనా? బెంచీ మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి?” బీరువాకి తాళం వేసి, “నువ్వు మాత్రం ఎందుకన్నావు ఆ మాట?” అన్నారు.

నేను వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ గ్యాసు వెలిగించాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ మాట వల్ల బయటపడ్డది ఇద్దరమూ.

రెండింటికి మైకు మోగింది. నాలుగింటికి కమిటీ హాలు దగ్గరికి అందరూ రావాలని. పావుగంటకి ఒకతను ఇంటికొచ్చి, చెప్పులు బయటే విప్పి, “అమ్మగారిని కూడా ఒకసారి రమ్మన్నారండీ, ఒక్క అయిదు నిమిషాలు,” అన్నాడు. యూకేజీ చదివే బాబు అప్పటికే బడి నుంచి వచ్చేశాడు. వాణ్ని చంకనెత్తుకుని వెళ్ళాను. వాడు చంకలో ఉంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టరని ఒక ఆశ.

హాలు ముందు మగవాళ్ళే యాభై మంది ఉన్నారు. ఆవిడ ఒక పక్కన నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళ మీద పిండి మరకలు. పక్కన కూతురు బడి యూనిఫామ్‌లో ఉంది. ఆవిడకి కుర్చీ వెయ్యబోయారు, “కూర్చోండమ్మా” అని. ఆవిడ కూర్చోలేదు.

కమిటీ పెద్ద నన్నే ముందు అడిగారు. “మీరు చూసిందే చెప్పండి అమ్మా. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.”

చెప్పాను. రేవు, గిన్నె, అయిదు గంటలు.

“గిన్నెలో ఏముందో చూశారా?”

“దూరం కదండీ. చూడలేదు.”

“చూడలేదంట,” అన్నారు ఆయన అందరివైపు తిరిగి. చూడలేదన్న మాటలోంచే అక్కడున్న ప్రతివాడూ తనకి తోచిన మందు ఏదో ఆ గిన్నెలో పోసుకున్నాడు. ఆ గుసగుస నాకు వినిపించింది.

“ఇడ్లీ పాత్రలు కడిగిన నీళ్ళండీ,” అంది ఆవిడ. “బోరునీళ్ళతో కడిగితే ఉప్పు తేలుతుంది. ఈ సెంటర్లో ఆ రేవులో గిన్నె కడగని ఆడది ఎవరో చెప్పమనండి. చేపలు చచ్చింది దేనికో మీకు తెలీదాండీ? మిషన్లు ఎక్కడ తిరుగుతున్నాయో వెళ్ళి చూసి రండి.”

ఎవరూ నవ్వలేదు. వెనకనుంచి ఎవరో మాత్రం, “ఎందుకండీ ఇదంతా, ముందా లారీ ఆపించండి, చేపలు అవే బాగుపడతాయి,” అన్నాడు. దానికి నవ్వారు. ఆవిడ కూతురు తల్లి కొంగు చాటుకి వెళ్ళింది.

అప్పుడు నేను నోరు తెరిచాను. “ఒక్కమాటండీ. పెద్ద చేపలే తేలాయి కదండీ, పరకలు బాగానే...”

కమిటీ పెద్ద చెయ్యి ఎత్తారు. నవ్వుతూనే ఉన్నారు. “మీవారు కొట్లో ఇచ్చిన మందు సంగతి ఇంకా తేలలేదమ్మా. అది తర్వాత మాట్లాడుకుందాం లెండి. బాబుకి నిద్రొస్తున్నట్టుంది, మీరు ఇంటికెళ్ళండి.”

బాబుకి నిద్ర రావడం లేదు. నేను వాడి తల నా భుజం మీదికి ఒత్తి పెట్టుకుని ఇంటికొచ్చేశాను. నలభై అడుగుల దూరం. సగం దూరంలో ఉండగానే మైకులో కట్టుబాటు చెప్పడం వినిపించింది. ఆవిడ దీపాలవేళ లోపు వెళ్ళిపోవాలి. ట్రాలీ ఆటో కమిటీయే మాట్లాడింది. ఈ క్షణం నుంచి ఎవరూ పలకరించకూడదు.

కాలేజీలో ఇలాంటి కథలు ఇష్టంగా చదివేదాన్ని. ఎక్కడో కొత్తగా పుట్టిన ఊరు, ఒకరోజు ఉన్నట్టుండి పరువు గుర్తొచ్చిన పెద్దలు, పొలిమేర దాటించిన ఒక తాగుబోతు, ఒక చెడ్డపేరు మోసిన ఆడది. ఊరు వెళ్ళగొట్టినవాళ్ళ వెంటే కథ కూడా ఊరు దాటి వెళ్ళిపోయేది. దారిలో వాళ్ళ మంచితనం బయటపడేది, చదివి ఏడ్చేదాన్ని. ఊళ్ళో మిగిలినవాళ్ళ సంగతి ఆ కథలు మళ్ళీ ఎత్తేవి కావు. ఆ సాయంత్రం వాళ్ళు ఎసట్లో బియ్యం పోశారా, పిల్లల చేత హోంవర్కు చేయించారా, వాళ్ళలో ఒకామె కిటికీ దగ్గర నిలబడి ట్రాలీ ఆటోలోకి ఏమేం ఎక్కిస్తున్నారో చూసిందా, ఎవరూ రాయలేదు. నాకూ అప్పట్లో తెలుసుకోవాలనిపించలేదు. నేను వెళ్ళిపోయేవాళ్ళ పక్షాన ఉన్నాననే అనుకునేదాన్ని.

గ్రైండరు ఎక్కించారు. బల్లలు ఎక్కించారు. పందిరి రేకులు కూడా విప్పి, చేతులు తెగకుండా గోనెపట్టాలు చుట్టి, నలుగురు పట్టుకుని ఎక్కించారు. “జాగ్రత్తండీ, ఆ మూల చూసుకోండి,” అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఆవిడతో మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. కట్టుబాటు కదా.

అయిదింటికి మా పాప స్కూలు వ్యాన్ దిగింది. ట్రాలీలో గ్రైండరు పక్కన కూర్చున్న స్నేహితురాల్ని చూసి, “ఏయ్, ఎక్కడికే?” అని పరిగెత్తబోయింది. నేను ఒక్క అంగలో మెట్లు దిగి దాని జబ్బ పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. సాయంత్రం నీళ్ళు పోస్తుంటే నాలుగు వేళ్ళూ అక్కడే ఎర్రగా ఉన్నాయి. ట్రాలీలోని పిల్ల చెయ్యి ఎత్తబోయి, నా చెయ్యి చూసి, దించేసుకుంది.

వెళ్ళేముందు ఆవిడ మా కొట్టు దగ్గరికి వచ్చింది. మెట్లెక్కలేదు. “షావుకారుగారూ, పిల్లకి ఒక బిస్కెట్ ప్యాకెట్, ఒక నీళ్ళ సీసా ఇప్పించండి. పెదవేగి దాకా వెళ్ళాలి.” పెదవేగి దగ్గర పామాయిల్ తోటల్లో ఆవిడ అక్క పనిచేస్తుందని ఎప్పుడో విన్నాను.

మా ఆయన తల ఎత్తలేదు. త్రాసు పళ్ళెం తుడుస్తూనే ఉన్నారు. రోడ్డుకి అవతల కమిటీవాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు.

“ఊరికే అడిగాను లెండి,” అంది ఆవిడ. “ఇస్తే రేపు మీ గ్రైండరు ఎక్కుతుంది బండి.” నవ్వింది కూడా. తర్వాత తలుపు పక్కనున్న నన్ను చూసింది. “షావుకారమ్మగారూ, మీ మీద నాకేం లేదండీ. మీరు చూసిందే చెప్పారు. చూడనిది చెప్పలేదు కదా.”

ఎత్తిపొడుపో, నిజంగానే అందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను పలకలేదు. పలికితే ఏమవుతుందో లెక్క వేసుకుంటూ నిలబడ్డాను. ఆవిడ వెళ్ళి ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంది. ఆటో కదిలింది.

ఆ రాత్రి అన్నాలయ్యాక కమిటీవాళ్ళలో ఒకాయన ఫోను చేశాడు. మందు సంగతి ఇక ఎత్తనక్కరలేదన్నాడు. మా ఆయన ఫోను పెట్టేసి, నా వైపు చూడకుండా, “తేలిపోయింది,” అన్నారు.

మర్నాడు పాపకి జడలు వేస్తున్నాను. బాబు మెట్టు మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. మా ఆయన ముందుగదిలో కొట్టు షట్టరు ఎత్తుతున్నారు.

“వ్యాన్ అంకుల్ చెప్పాడమ్మా,” అంది పాప. “వాళ్ళమ్మ చెరువులో మందు కలిపిందంట. పేరెత్తితే మనల్ని కూడా పంపేస్తారంట. నిజమేనా?”

దువ్వెన ఆపాను. నిజమేనని చెబితే ఆ పూట గడిచిపోయేది. అది తలాడించేది, రెండు రోజులకి అష్టాచెమ్మాకి ఇంకో పిల్ల దొరికేది. ఎనిమిదేళ్ళ పిల్ల కడుపులో మాట దాగదని నాకు తెలుసు. వ్యాన్‌లో పద్నాలుగు మంది పిల్లలుంటారు, వాళ్ళలో ఒకడు కమిటీ పెద్దగారి మనవడు.

బాబుని కూడా దగ్గరికి పిలిచాను. “వినండి ఇద్దరూ,” అన్నాను. “ఆవిడ చెరువులో ఏమీ కలపలేదు. గిన్నెలు కడుక్కుంది, అందరిలాగే. చేపలకి గాలి చాలక చచ్చిపోయాయి. ఆ సంగతి అమ్మకి తెలుసు. మన కొట్టు మీదికి వస్తుందేమోనని భయపడి, ఆవిడ మీదికి తోసింది అమ్మే.”

ముందుగదిలో షట్టరు చప్పుడు సగంలో ఆగిపోయింది.

పాప వెనక్కి తిరిగి నా మొహం చూసింది. “వ్యాన్‌లో అడిగితే ఇలాగే చెప్పనా?”

“చెప్పు,” అన్నాను. “అమ్మే చెప్పమందని చెప్పు.”